డుకాటీ 900 ఎస్‌ఎస్ (1995, కార్బ్యురేటర్): ఏళ్లుగా నిలబెట్టిన బండి, ముందు ఏది విప్పాలి?

ఎర్రబండి:
అందరికీ నమస్కారం. బండి 1995 నాటి 900 సూపర్‌స్పోర్ట్. 904 సీసీ, మికుని కార్బులు, పొడి క్లచ్. మీటరు మీద 31,000 కిలోమీటర్లు. చాలా కాలంగా కదల్లేదు. క్యామ్‌లను (వాల్వుల్ని ఆడించే షాఫ్టుల్ని) తిప్పే బెల్టులు చివరిసారి ఎప్పుడు మార్చారో కాగితాల్లో ఎక్కడా లేదు. ఇగ్నిషన్ తిప్పితే స్టార్టర్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది కాబట్టి అక్కడితో ఆపేశాను. క్లచ్ లివర్ మెత్తగా ఉంది. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది.

పని ఏ వరసలో మొదలుపెట్టాలి? ఎలాగూ విప్పుతున్నాం కదా అని ఫ్లాట్‌స్లైడ్ కార్బులు, ఎయిర్‌బాక్స్ మూత తెరవడం, 14 పళ్ల స్ప్రాకెట్ కూడా ఇప్పుడే పెట్టేయొచ్చా?

ఫీలర్‌గేజ్:
స్టార్ట్ చెయ్యకుండా ఆపడం మంచి పని. ఇక బెల్టులు మార్చేదాకా స్టార్టర్ బటన్ జోలికి వెళ్లకండి. ఈ ఇంజిన్‌కి బెల్టుల గడువు 20,000 కిలోమీటర్లు లేదా రెండేళ్లు, ఏది ముందొస్తే అది. నిలబడిన బండిలో రెండేళ్లే లెక్క. కదలకుండా ఉన్న బెల్టు చిన్న పుల్లీ చుట్టూ వంగిన చోట అదే వంపుతో బిగుసుకుపోతుంది, పళ్ల మొదట్లో సన్నని పగుళ్లు వస్తాయి. తెగితే క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకుని ఉన్న వాల్వును పిస్టన్ కొడుతుంది. ఆ తర్వాత హెడ్ విప్పాల్సిందే.

పద్ధతి ఇదీ. రెండు ప్లగ్గులూ తీసెయ్యండి. ప్యాడాక్ స్టాండ్ మీద వెనక చక్రం లేపి, ఆరో గేరులో వేసి, చక్రాన్ని ముందుకే తిప్పుతూ ఇంజిన్ తిప్పండి. వెనక్కి తిప్పొద్దు. కింద బెల్టుల్ని నడిపే పుల్లీ మీది గుర్తు కేసు మీది గుర్తుతోనూ, రెండు క్యామ్ పుల్లీల గుర్తులు వాటి పక్కనున్న గుర్తులతోనూ ఒకేసారి కలవాలి. కింది పుల్లీ షాఫ్ట్ కూడా క్రాంక్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది, అందుకే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే మూడూ మళ్లీ ఒక్కసారి కలుస్తాయి. బెల్టు తియ్యకముందే పెయింట్ పెన్నుతో మీ సొంత గుర్తులు కూడా వేసుకోండి. ఫ్యాక్టరీ గుర్తులు మురికిలో కనబడవు.

పాత బెల్టులు తీశాక రోలర్లను వేలితో తిప్పి చూడండి. గరగరమన్నా, ఏ పట్టూ లేకుండా బొంగరంలా తిరుగుతూ పోయినా లోపల గ్రీజు అయిపోయినట్టే, మార్చండి. కొత్త బెల్టును స్క్రూడ్రైవర్‌తో నెట్టి ఎక్కించకండి, మడత పెట్టకండి, లోపలి దారాలు విరుగుతాయి. బిగువు సంగతికొస్తే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కదలని రోలర్‌కీ బెల్టుకీ మధ్య 6 మి.మీ. ఆలెన్ కీ కొంచెం రాసుకుంటూ దూరాలి. బిగించాక ఇంజిన్‌ను కనీసం రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులూ బిగువూ మళ్లీ చూడండి. నట్టు ఆఖరి బిగింపులో టెన్షనర్ కాస్త జరుగుతుంది, కొలత అక్కడే తప్పుతుంది.

హెర్ట్జ్:
ఆలెన్ కీ లెక్క చేతిని బట్టి మారిపోతుంది గురువుగారూ. ఒకరికి రాసుకుంటూ దూరింది ఇంకొకరికి వదులుగా ఉంటుంది. ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపే యాప్ పెట్టి, బెల్టును వేలితో మీటి 110 హెర్ట్జ్‌కి తెస్తే సరిపోదా?

ఫీలర్‌గేజ్:
110 అన్నది 748, 916, 996 లాంటి నాలుగు వాల్వుల ఇంజిన్ల అంకె. బెల్టు మోగే ఫ్రీక్వెన్సీ బిగువు మీదా, మీటిన భాగం పొడవు మీదా, బెల్టు బరువు మీదా ఆధారపడుతుంది. రెండు వాల్వుల హెడ్‌లో ఆ పొడవు వేరు. ఇక్కడ 110 పెడితే బిగువు ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. యాప్ వాడాలనుకుంటే ఇలా వాడండి: ముందు 6 మి.మీ. కీతో సరిచేసి, అప్పుడు మీ బండిలో వచ్చిన అంకె రాసి పెట్టుకోండి. వచ్చేసారి దానితో పోల్చుకోవచ్చు.

మరీ బిగిస్తే ఈలలాంటి మోత వస్తుంది, క్యామ్ బేరింగుల మీద భారం పడుతుంది. వదులైతే పొడవు వైపు బెల్టు కవరుకు తగిలి నల్లటి పొడి రాలుతుంది, పన్ను జారే ప్రమాదం ఉంది. రెంటిలో వదులే ఎక్కువ ప్రమాదం.

వోల్ట్‌మీటర్:
స్టార్టర్ ఈడ్చుకోవడం గురించి. కొత్త బ్యాటరీ కొనే ముందు కేబుళ్లు చూడండి. ఈ ఎస్‌ఎస్‌లలో స్టార్టర్‌కి వెళ్లే కేబుళ్లు, ఇంజిన్ ఎర్త్ కేబులు అసలే సన్నం. వయసు మీదపడ్డాక కొసల్లో రాగి ఆకుపచ్చగా మారి ఇంకా వోల్టేజీ తినేస్తాయి. పరీక్ష తేలిక, కానీ బెల్టులు మార్చాకే చెయ్యండి. స్టార్టర్ తిరుగుతుండగా బ్యాటరీ ప్లస్‌కీ స్టార్టర్ బోల్టుకీ మధ్య మీటరు పెట్టండి, తర్వాత బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ కేసుకీ మధ్య పెట్టండి. అర వోల్టుకు మించి ఎక్కడ పోతుంటే తప్పు అక్కడే. లావు రాగి కేబుళ్లు వేస్తే స్టార్టర్ గొంతే మారిపోతుంది. ఈ బండికి చెయ్యగలిగిన అప్‌గ్రేడ్‌లలో మొదట చెయ్యాల్సింది ఇదేనని నా అభిప్రాయం, ఎవరూ ఫొటో తీసి పెట్టరు గానీ.

ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు. నెమ్మదిగా తిరిగే ఇంజిన్ కంప్రెషన్ దాటలేక వెనక్కి తంతుంది. ఆ దెబ్బ స్టార్టర్ వన్‌వే క్లచ్ (స్టార్టర్‌ను ఇంజిన్‌కి ఒకే దిక్కులో కలిపేది) మీద పడుతుంది. అది జారడం మొదలైతే ఎడమ కవరు మొత్తం విప్పాలి.

బెల్టులయ్యాక మొదటిసారి తిప్పేటప్పుడు ప్లగ్గులు బయట ఉంచి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. కానీ ప్లగ్గుల్ని క్యాపుల్లో పెట్టి, వాటి లోహం హెడ్‌కి తగిలేలా ఆనించి ఉంచాలి. ఎర్త్ లేకుండా స్పార్క్ గాల్లో వదిలేస్తే ఇగ్నిషన్ బాక్సులు పోతాయి. వాటికి కొత్తవి దొరకడం కష్టం.

ఎర్రబండి:
బెల్టులు తీశాను. నిలువు సిలిండర్ బెల్టులో రెండు పళ్ల మొదట్లో గోరుతో తెరిస్తే కనిపించేంత పగుళ్లు. ఒక రోలర్ గరగరమంటోంది, రెండూ మారుస్తున్నాను. ఎలాగూ ఇక్కడిదాకా వచ్చామని వాల్వ్ కవర్లు కూడా విప్పాను. డెస్మో ఇంజిన్ కదా, వాల్వును తెరవడానికి ఒక రాకర్, మూయడానికి ఇంకొకటి. ఇంజిన్ చల్లగా ఉండగా వచ్చిన గ్యాపుల కొలతలు (తెరిచే వైపు / మూసే వైపు, మి.మీ.):

అడ్డ సిలిండర్ ఇన్‌టేక్: 0.10 / 0.14
అడ్డ సిలిండర్ ఎగ్జాస్ట్: 0.12 / 0.04
నిలువు సిలిండర్ ఇన్‌టేక్: 0.11 / 0.05
నిలువు సిలిండర్ ఎగ్జాస్ట్: 0.07 / 0.09

ఇందులో ఏవి సరిచెయ్యాలి?

ఫీలర్‌గేజ్:
రెండే. మిగతా రెండింటి జోలికి వెళ్లొద్దు. ఇన్‌టేక్ తెరిచే వైపు 0.10 నుంచి 0.12, ఎగ్జాస్ట్ తెరిచే వైపు 0.12 నుంచి 0.15, మూసే వైపు రాకర్ పట్టెయ్యకుండా 0.05 లోపు ఉంటే చాలు.

మీ రెండు చెడ్డ కొలతలకూ కారణాలు వేరు. ఈ తేడా పట్టుకోవడమే డెస్మోలో అసలు పని. రెండు గ్యాపులూ కలిపి చూడండి. నిలువు ఎగ్జాస్ట్‌లో మొత్తం 0.16. ఉండాల్సిన మొత్తానికి దగ్గరే. తెరిచే వైపు తగ్గింది, దాదాపు అంతే మూసే వైపు పెరిగింది. అంటే సీటు అరిగి వాల్వు కాస్త పైకి జరిగింది. మామూలు అరుగుదలే. తెరిచే షిమ్ (గ్యాపు సరిచేసే చిన్న లోహపు ముక్క) 0.05 పలచనిది వెయ్యండి, ఉదాహరణకు తీసినది మైక్రోమీటర్‌లో 3.15 వస్తే 3.10. మూసే షిమ్ 0.05 మందమైనది. రెండు వైపులా షిమ్ మందం పెరిగితే గ్యాపు తగ్గుతుంది, ఇది తలకిందులు చేసుకోకండి.

అడ్డ ఇన్‌టేక్ అలా కాదు. తెరిచే వైపు 0.10 దగ్గర కదల్లేదు, మూసే వైపు మాత్రం 0.14. వాల్వు జరగలేదు, షిమ్‌ను పట్టుకునే హాఫ్ రింగులు చదునుగా అరిగాయి. వాటిని మార్చకుండా మందమైన షిమ్ వేస్తే అరిగిన రింగుల మీదే కొత్త కొలత పెట్టినట్టు. ముందు కొత్త హాఫ్ రింగులు వేసి, పాత షిమ్‌తోనే మళ్లీ కొలవండి. చాలాసార్లు షిమ్ మార్చే అవసరమే రాదు.

ఇప్పుడు జాగ్రత్తలు. తెరిచే రాకర్ పక్కనున్న క్లిప్ తీస్తే రాకర్ షాఫ్ట్ మీద పక్కకు జరుగుతుంది, పై షిమ్ చేతికొస్తుంది. మూసే వైపు చెయ్యి పెట్టే ముందు ఆ సిలిండర్ పిస్టన్ సరిగ్గా పైన ఉందో లేదో చూసుకోవాలి. హాఫ్ రింగులు తీశాక వాల్వును పట్టుకునేది ఏదీ ఉండదు. పిస్టన్ కింద ఉంటే వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుంది, హెడ్ తీస్తే తప్ప బయటికి రాదు. రెండోది, హెడ్‌లో ఆయిల్ కిందికి దిగే రంధ్రంలో గుడ్డ కుక్కండి. హాఫ్ రింగు గోరు ముక్కంత ఉంటుంది, అది ఆ రంధ్రంలో పడితే నేరుగా క్రాంక్‌కేసులోకే. మూసే రాకర్‌ను కిందికి నొక్కి షిమ్‌ను స్టెమ్ మీద కిందికి జరపండి, రింగులు పైన బయటపడతాయి. అయస్కాంతం ఉన్న పుల్లతో ఒక్కొక్కటే తీయండి. తిరిగి పెట్టేటప్పుడు గాడిలో కాస్త గ్రీజు రాస్తే కదలకుండా కూర్చుంటాయి.

కొత్త రింగులు కూర్చోడానికి కొంత దూరం పడుతుంది కాబట్టి వాటిని మార్చిన వాల్వును 1,000 కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవండి. కవర్లు తెరిచి ఉన్నప్పుడే టార్చి వేసి రాకర్ల ముఖాలు చూడండి. క్రోమ్ పొరలో గుంట గానీ పొలుసు గానీ కనిపిస్తే ఆ రాకర్ పని అయిపోయినట్టే. ఆ పొడి ఆయిల్‌తో పాటు ఇంజిన్ అంతా తిరుగుతుంది.

నల్లనూనె:
ఆయిల్ మాట వచ్చింది కాబట్టి. సుమారు మూడున్నర లీటర్లు పడుతుంది, కానీ లీటర్ల లెక్క కన్నా పక్కనున్న అద్దంలో మట్టం చూసి పొయ్యండి. ఫిల్టర్‌తో పాటు కింద జాలీ స్ట్రైనర్ కూడా ఉంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. తీసి కడగండి. జాలీలో ఏం చిక్కుకుందో, డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి ఏం అంటుకుందో చూడండి. నల్లటి మెత్తని ముద్ద మామూలే. మెరిసే రేకులుంటే ఇందాకటి రాకర్ల సంగతి.

క్లచ్ పొడిది కాబట్టి జాసో ఎంఏ ముద్ర (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి సరిపడే ఆయిల్ అనే గుర్తు) తప్పనిసరి కాదు, ఆయిల్ వల్ల క్లచ్ జారే ప్రసక్తి లేదు. అలాగని ఏదో ఒకటి పొయ్యొద్దు, గేర్లు ఇదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, పలచబడిపోయే రకం పనికిరాదు.

పొడిక్లచ్:
లివర్ మెత్తగా ఉండటం, న్యూట్రల్ దొరక్కపోవడం రెండూ సాధారణంగా ఒకే రోగం. ఇక్కడ స్లేవ్ సిలిండర్ (లివర్ నొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్ పుష్‌రాడ్‌ను నెట్టేది) సీలే ముందు అనుమానించాలి. అది ముందు స్ప్రాకెట్ పక్కనే ఉంటుంది, గొలుసు విసిరే మురికీ ఇంజిన్ వేడీ అంతా దానిమీదే. రిజర్వాయర్ మూత తీసి ద్రవం రంగు చూడండి. కాఫీ రంగులో ఉంటే సీలు పోతున్నట్టే. స్లేవ్ విప్పి రబ్బరు అంచు తీసి చూస్తే తడి కనిపిస్తుంది. సీలు మార్చి డాట్ 4 ద్రవంతో గాలి తీయండి. చివర్లో లివర్ నొక్కి హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా వదిలేస్తే మిగిలిన చిన్న బుడగలు పైకి వచ్చేస్తాయి. పుష్‌రాడ్ మీది ఓ-రింగులు కూడా అప్పుడే మార్చండి, లేకపోతే ఇంజిన్ ఆయిల్ అటువైపు చెమర్చి స్లేవ్ పోయిందేమో అనుకునేలా చేస్తుంది.

పెద్ద బోరు స్లేవ్ వేస్తే లివర్ తేలికవుతుంది. ఆ తేలిక ఉచితంగా రాదు. అదే లివర్ కదలికకు పుష్‌రాడ్ తక్కువ దూరం నెడుతుంది. ప్లేట్లు వంగి ఉన్నా, బాస్కెట్ (ప్లేట్లను పట్టుకునే గిన్నె) వేళ్లలో గాట్లు పడినా క్లచ్ పూర్తిగా విడవదు, న్యూట్రల్ ఇంకా దొరకదు. కాబట్టి ముందు బాస్కెట్ చూడండి. ప్లేట్ల చెవులు కొట్టి కొట్టి వేళ్ల మీద మెట్లు చేసి ఉంటే ఆకురాయితో కొద్దిగా సరిచెయ్యొచ్చు, గాటు లోతుగా ఉంటే బాస్కెట్, రాపిడి ప్లేట్లు రెండూ మార్చాలి. ప్లేట్లు తీసేటప్పుడు వరస ఫొటో తీసుకోండి, స్టీలు ప్లేట్లలో కొద్దిగా వంపు ఉన్నది ఒకటి ఉంటుంది, దాని చోటు మారకూడదు. స్ప్రింగు స్క్రూలు చిన్నవి, ఆరింటినీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. పొడవు రెంచి వేస్తే విరిగి చేతికొస్తాయి.

గలగల శబ్దం గురించి ఎవరూ అడగలేదు, అయినా చెబుతున్నా: లివర్ నొక్కితే గలగల రావడం ఈ క్లచ్ స్వభావం. లివర్ వదిలేసినప్పుడు ఎడమ వైపు నుంచి లోతుగా టకటక వస్తుంటే మాత్రం అది క్లచ్ కాదు, ఆల్టర్నేటర్ ఫ్లైవీల్ నట్టు వదులవుతోందేమో చూడాలి. ఆ నట్టుకి సుమారు 190 న్యూటన్ మీటర్ల బిగింపు, దారం మీద లాకింగ్ ద్రవం కావాలి.

జెట్‌నీడిల్:
కార్బులు మికుని బీడీఎస్‌టీ 38. ఇవి చెడ్డవని పేరు మోశాయి గానీ, ఆ ఫిర్యాదుల్లో సగం మురికి పైలట్ జెట్లవే (ఐడిల్‌లో పెట్రోలు ఇచ్చే సన్నని రంధ్రాలు). బండి చోక్ మీద మాత్రమే ఆడి, చోక్ తియ్యగానే ఆగిపోతే పైలట్లు మూసుకుపోయినట్టే. సన్నని తీగ పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, వెలుతురుకు పెట్టి గుండ్రంగా కనబడుతోందా చూడండి. స్లైడ్ డయాఫ్రంలను వేళ్లతో సాగదీసి వెలుతురులో చూడండి, సూది మొనంత రంధ్రమున్నా ఆ సిలిండర్ పై ఆర్‌పీఎం అందుకోదు. ట్యాంకు నుంచి కార్బుల దాకా రబ్బరు గొట్టాలన్నీ, ఫిల్టర్ మార్చండి. ట్యాంకు మూత దగ్గరి వాన నీళ్లు పోయే గొట్టం తెరిచి ఉందో లేదో కూడా. అది మూసుకుపోతే నీళ్లు ట్యాంకులోకే దిగుతాయి.

తర్వాత ఇన్‌టేక్ రబ్బర్లు. పైకి బాగానే ఉండి, వంచితే పగుళ్లు తెరుచుకుంటాయి. అక్కడ గాలి లాగితే ఐడిల్ పైకెక్కి దిగదు, ఎంత ట్యూన్ చేసినా వృథా.

ఇవన్నీ అయ్యాకే సింక్రొనైజ్ చెయ్యాలి, వాల్వుల తర్వాత, వాక్యూమ్ గేజ్‌తో. మిక్స్‌చర్ స్క్రూ రెండు రెండున్నర చుట్ల దగ్గర మొదలుపెట్టండి. ఫ్యాక్టరీ సెట్టింగ్ ఉద్గారాల నిబంధనల కోసం పెట్రోలు తక్కువ పడేలా ఉంటుంది. 3,000 దగ్గర స్థిర వేగంలో తడబాటు ఉంటే నీడిల్ కింద అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా వాషర్ వేసి లేపితే చాలావరకు పోతుంది. ఎయిర్‌బాక్స్ మూత తెరిస్తే మెయిన్ జెట్ కూడా పెంచాలి. జెట్లు ముట్టుకోకుండా మూత తెరిచే పని మాత్రం చెయ్యకండి. ప్లగ్గులు ఎన్‌జీకే డీసీపీఆర్8ఈ, గ్యాపు 0.6.

ఫ్లాట్‌స్లైడ్:
నేను ఎఫ్‌సీఆర్ 41 (కీహిన్ వాళ్ల ఫ్లాట్‌స్లైడ్ కార్బులు) పక్షమే. థ్రాటిల్‌కి ఇంజిన్ వెంటనే బదులిస్తుంది, యాక్సిలరేటర్ పంపు ఉంది, వాక్యూమ్ కోసం ఎదురుచూపు లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మణికట్టుకు బరువు, అవి ఒప్పుకోవాలి. కానీ ఈ మోటారు అసలు రూపం అప్పుడే తెలుస్తుంది.

ప్రీలోడ్:
బదులివ్వడం బాగానే ఉంటుంది అన్నా, మలుపులో బండి నిలబడాలి కదా. ఫోర్కులో ఆయిల్ ఎప్పటిదో తెలియని బండికి ఎఫ్‌సీఆర్ ఎందుకు? ఆ సొమ్ము ఫోర్కు, వెనక షాక్, బ్రేకు గొట్టాల మీద పెడితే ప్రతి మలుపులోనూ తేడా తెలుస్తుంది.

ముందు ఫోర్కు షోవా, 41 మి.మీ. పాత ఆయిల్ బూడిద నీళ్లలా వస్తుంది. ఫోర్కు తీసినప్పుడే స్టీరింగ్ బేరింగులు చూడండి, హ్యాండిల్ మధ్యలోకి వచ్చినప్పుడు చిన్న గాడిలో కూర్చున్నట్టు అనిపిస్తే మార్చాలి. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు ముందూ వెనకా 30 నుంచి 35 మి.మీ. దిగాలి. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే సర్దుబాటు) అంతా తిప్పినా ఇంకా ఎక్కువ దిగుతుంటే స్ప్రింగు మీ బరువుకు చాలదు. బ్రెంబో కాలిపర్లు బాగానే ఉంటాయి, వయసైన రబ్బరు గొట్టాలు ఉబ్బి లివర్‌ను స్పాంజీలా చేస్తాయి. స్టీలు అల్లిక గొట్టాలు వెయ్యండి.

టైరు వెనక 170/60 ఉంచండి. 180 వేస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది, బండి మాత్రం మలుపులోకి బద్ధకంగా వాలుతుంది. చక్రం తీసినప్పుడు స్వింగ్‌ఆర్మ్‌లో యాక్సిల్ దగ్గరి వెల్డులు, ఫ్రేములో స్టీరింగ్ హెడ్ చుట్టూ వెల్డులు గుడ్డతో తుడిచి టార్చితో చూడండి. పెయింటులో సన్నని తుప్పు గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు.

14 పళ్ల స్ప్రాకెట్ పరవాలేదు. 15 నుంచి 14కి వస్తే గేరింగ్ ఏడు శాతం దిగుతుంది, ఊళ్లో క్లచ్ మీద భారం తగ్గుతుంది. గొలుసు స్వింగ్‌ఆర్మ్ రబ్బరును ఎక్కువ రాస్తుంది, ఆ రబ్బరు మీద ఓ కన్నేసి ఉంచండి.

కొత్తసభ్యుడు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది 748. ఇదంతా దానికీ వర్తిస్తుందా?

ఫీలర్‌గేజ్:
వరస అదే, అంకెలు వేరు. మీకు బెల్టు బిగువు 110 హెర్ట్జ్ లేదా 5 మి.మీ. కీ. షిమ్‌లు ఎనిమిది కాదు పదహారు. కూలెంట్ రెండేళ్లకోసారి. మీ బండిలో పెట్రోలు ఫిల్టరూ దాని గొట్టాలూ ట్యాంకు లోపలే మునిగి ఉంటాయి. అక్కడ మునిగే చోటికి తగిన రకం గొట్టమే వెయ్యాలి. మామూలు పెట్రోలు గొట్టం బయటి పొర నానిపోయి, ఉబ్బి, ప్రెషర్‌కి చీలుతుంది, ఇంజిన్ పై ఆర్‌పీఎంలో ఆకలేసినట్టు ఆగిపోతుంది. మిగతాది వేరే చర్చ తెరిచి అడగండి, ఇక్కడ కలిస్తే ఎవరి అంకె ఎవరిదో తెలియదు.

ఎర్రబండి:
బెల్టులు, హాఫ్ రింగులు, స్లేవ్ సీలు, కార్బులు, లావు కేబుళ్లు అయ్యాయి. అడ్డ ఇన్‌టేక్ కొత్త రింగులతో 0.04కి వచ్చింది, షిమ్ మార్చలేదు. బండి స్టార్టయింది, ఐడిల్ నిలబడింది. కానీ 3,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 12.9 వోల్టులే వస్తోంది. రెగ్యులేటర్ మార్చేయనా?

వోల్ట్‌మీటర్:
అప్పుడే వద్దు. అక్కడ 13.5 నుంచి 14.5 మధ్య రావాలి, నిజమే. కానీ ముందు ఆల్టర్నేటర్ నుంచి వచ్చే రెండు పసుపు తీగల కనెక్టర్ విప్పి చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా కరిగినా తప్పు అక్కడే ఉంది. కనెక్టర్ కోసేసి తీగల్ని టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

కనెక్టర్ బాగుంటే ఇంజిన్ ఆపి, ఒక్కో పసుపు తీగకూ కేసుకూ మధ్య కంటిన్యుటీ చూడండి. అస్సలు ఉండకూడదు, ఉంటే స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో కదలని తీగచుట్ట) కాలింది. లేకపోతే కనెక్టర్ విప్పే ఉంచి, ఇంజిన్ ఆడిస్తూ రెండు పసుపు తీగల మధ్య ఏసీ వోల్టేజీ చూడండి, ఆర్‌పీఎంతో పాటు తడబడకుండా పెరగాలి. పెరిగితే ఆల్టర్నేటర్ మంచిదే. ఆపైన రెగ్యులేటర్ నుంచి బ్యాటరీకి వచ్చే ఎర్ర తీగలో, ఫ్యూజు దగ్గర ఎంత పోతోందో కొలవండి, రెగ్యులేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య విడిగా ఒక ఎర్త్ తీగ వెయ్యండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా 12.9 దాటకపోతే అప్పుడు రెగ్యులేటర్. ఈ పరీక్షల్లో ఎక్కడా ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ తీగ విప్పకండి, మంచి రెగ్యులేటర్ కూడా ఆ క్షణంలోనే పోతుంది.

పసుపు తీగలు ఎడమ కవరులోంచి బయటికొచ్చే చోట కూడా వంచి చూడండి. లోపల వేడి ఆయిల్‌లో ఉండి ఇన్సులేషన్ గట్టిపడి, వంచితే పెళుసుగా విరుగుతుంది. కొలతలు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఆర్‌పీఎం పక్కన రాసి.